పాత కేటలాగును అక్షరాల్లోకి దించుకుందాం

ఇవాళ నేను చెప్పబోయేది గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్ళకు నేరుగా పనికొచ్చే సంగతి. పుస్తకాలంటే ఇష్టం ఉండి, కాస్త కంప్యూటరు తెలిసిన మిగతా శ్రోతలు కూడా వింటే సంతోషం. ఈ పనికి చాలాచోట్ల మీలాంటివాళ్ళ చెయ్యి సాయం కావాలి.

మన కాలేజీల్లో, పరిశోధన సంస్థల్లో, కొన్ని పాత గ్రంథాలయాల్లో ఇప్పటికీ ఒక మూల ఒక పాత కంప్యూటరు కనిపిస్తుంది. దానికి ఇంటర్నెట్టు ఉండదు, ప్రింటరు పనిచెయ్యదు. అయినా ఎవరూ దాన్ని తీసెయ్యనివ్వరు. ఎందుకంటే ఆ గ్రంథాలయం కేటలాగు అందులో ఉంది. ఎప్పుడో ఒక లైబ్రేరియన్ గారు, ఇద్దరు ముగ్గురు సహాయకులు కూర్చుని, కార్డు తర్వాత కార్డు చూసి టైపు చేసిన కేటలాగు అది. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉంది, ఎవరు రాశారు, ఎవరు బహూకరించారు, అన్నీ అందులోనే. చాలాచోట్ల ఆ ప్రోగ్రాము పేరు సీడీఎస్ ఐసిస్. ఆ యంత్రం ఒక పొద్దున లేవకపోతే ఆ శ్రమంతా దాంతోపాటే పోతుంది. అలా పోనివ్వాల్సిన అవసరం లేదు. అందులోని రికార్డులన్నిటినీ మామూలు టెక్స్ట్‌గా, ఏ కంప్యూటరులోనైనా, ఆఖరికి ఫోనులోనైనా తెరిచి చదువుకోగల ఫైలుగా బయటికి తీసుకోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. కావలసిందల్లా ఒక చిన్న పనిముట్టు, ఒకటి రెండు కమాండ్లు, ఒక పూట ఓపిక.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. టెక్స్ట్‌గా బయటికి తీయలేని కేటలాగు పేరుకు మనదే గానీ పెత్తనం ఆ ప్రోగ్రాముది. పుస్తకాలు మనవి, బీరువాలు మనవి, టైపు చేసిన వేళ్ళు మనవాళ్ళవి. ఆ వివరాలను మనమే చదువుకోలేని స్థితి రాకూడదు.

సీడీఎస్ ఐసిస్ గురించి రెండు ముక్కలు. 1960ల్లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ తన దగ్గర పోగుపడిన పత్రాల కోసం ఐసిస్ అనే వ్యవస్థను తయారు చేసుకుంది. దాన్ని పారిస్‌లోని యునెస్కో అందుకుని పెంచింది. 1985లో చిన్న కంప్యూటర్లకు సరిపడే రూపం తెచ్చింది. ముఖ్యంగా పేద దేశాల గ్రంథాలయాలను దృష్టిలో పెట్టుకుని ఉచితంగా పంచింది. మన దేశంలో ఆ పంపిణీ బాధ్యత నిస్సాత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం తీసుకుంది. కొనే స్తోమత లేని గ్రంథాలయం కూడా కంప్యూటరు కేటలాగు పెట్టుకోగలిగిందంటే అది ఈ ప్రోగ్రాము పుణ్యమే. దాన్ని పాతదని చులకన చేసేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

పుస్తకాల సంగతి తెలిసినవాళ్ళు కట్టిన వ్యవస్థ అది. ఒక పుస్తకానికి రచయిత ఒక్కరే ఉంటారు, ఇంకోదానికి నలుగురు. ఒకదాని పేరు రెండు మాటలు, ఇంకోదానిది రెండు వరుసలు. లెక్కల పుస్తకంలో లాగా గళ్ళు గీసి ఇంతలోనే రాయమంటే కుదరదు. ఐసిస్‌లో ప్రతి వివరానికీ ఒక నంబరు ఉంటుంది. ఉదాహరణకు యునెస్కో వాళ్ళు నమూనాగా ఇచ్చిన డేటాబేసులో 24 అంటే పుస్తకం పేరు, 70 అంటే రచయిత, 26 అంటే ప్రచురణ వివరాలు. రచయితలు నలుగురుంటే 70 నాలుగుసార్లు వస్తుంది. లేకపోతే అసలు రాదు. 26 లోపల మళ్ళీ చిన్న భాగాలు: ఊరు, ప్రచురణకర్త, సంవత్సరం. ఒక్కో భాగానికి ముందు టోపీ గుర్తు, దాని పక్కన ఎ, బి, సి అనే అక్షరాలు. టోపీ గుర్తు అంటే కీబోర్డు మీద ఆరో అంకె పైన ఉండే గుర్తు.

మరి ఆ ఫైలును నేరుగా నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. తెరిచి చూడండి. డేటాబేసు పేరు పక్కన ఎమ్‌ఎస్‌టి అనే మూడక్షరాలున్న ఫైలు ఉంటుంది. అదే అసలు నిధి. అందులో అక్కడక్కడ పుస్తకాల పేర్లు కనిపిస్తాయి. మధ్య మధ్య పిచ్చి గుర్తులు, ఖాళీలు. ఒక పేరు ఎక్కడ ముగిసిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియదు. ఎందుకంటే ఆ ఫైలు 512 బైట్ల దిమ్మెలుగా ఉంటుంది. ఏ రికార్డు ఏ దిమ్మెలో ఎక్కడ మొదలవుతుందో ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే ఇంకో ఫైలులో రాసి ఉంటుంది. దిద్దినప్పుడు పెరిగిన రికార్డు ఇంకో చోటికి వెళ్ళి కూర్చుంటుంది, పాత ప్రతి ఉన్నచోటే మిగిలిపోతుంది. కాబట్టి మనం కళ్ళతో ఏరుకుంటే సరైనదీ, కొట్టేసినదీ రెండూ చేతికొస్తాయి. ఆ రెండు ఫైళ్ళనూ కలిపి చదవగల పనిముట్టు కావాలి.

ఆ పనిముట్లను తయారు చేసింది బ్రెజిల్ వాళ్ళు. సావో పాలోలో బిరెమె అని ఒక సంస్థ ఉంది. అది అమెరికా ఖండాల ఆరోగ్య సంస్థకు చెందిన వైద్య సమాచార కేంద్రం. లాటిన్ అమెరికా వైద్య పత్రికల సూచికంతా వాళ్ళు ఐసిస్‌లోనే నడిపారు. తెర మీద ఒక్కో రికార్డూ చూసుకుంటూ పోతే వాళ్ళ పని తెమలదు. అందుకే కమాండు లైను మీద, అంటే నల్ల కిటికీలో ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ నొక్కితే లక్ష రికార్డుల పనైనా జరిగిపోయేలా, సిసిస్ అనే పనిముట్ల పెట్టె తయారు చేసుకుని అందరికీ ఇచ్చారు. అందులో పెద్దది ఎమ్‌ఎక్స్. చిన్నది, ఇవాళ మనకు ముందుగా కావలసింది, ఐ టు ఐడి. డాస్‌కు, విండోస్‌కు, లినక్స్‌కు వేరు వేరుగా దొరుకుతాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట. అసలు కంప్యూటరు మీద ఏ ప్రయోగమూ చెయ్యకండి. ఆ డేటాబేసు ఉన్న ఫోల్డరు మొత్తం, ఒక్క ఫైలు కూడా వదలకుండా, పెన్ డ్రైవులోకో ఇంకో డిస్కులోకో కాపీ చేసుకుని ఆ కాపీ మీద పని చెయ్యండి. యంత్రం మరీ పాతదై పెన్ డ్రైవు గుర్తుపట్టకపోతే, దాని హార్డ్ డిస్కును ఊడదీసి ఇంకో కంప్యూటరుకు తగిలించి చదివించే కుర్రవాళ్ళు ప్రతి పట్నంలోనూ ఉన్నారు. ఒకవేళ ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఫైలు పాడై కనిపించినా గుండె జారిపోనక్కర్లేదు. ఎమ్‌ఎస్‌టిని చదివి దాన్ని మళ్ళీ కట్టే పనిముట్టు కూడా ఆ పెట్టెలోనే ఉంది, పేరు ఎమ్‌కె‌ఎక్స్‌ఆర్‌ఎఫ్.

ఇప్పుడు కమాండు. మీ డేటాబేసు పేరు బుక్స్ అనుకుందాం. ఐ టు ఐడి అని, టు చోట 2 అంకె వేసి, మధ్యలో ఖాళీలు లేకుండా రాసి, ఒక ఖాళీ వదిలి, బుక్స్ అని రాసి, ఆ తర్వాత కుడివైపు చూసే బాణం గుర్తు పెట్టి, కొత్త ఫైలుకు ఒక పేరు ఇవ్వండి. ఆ బాణం అర్థం, వచ్చినదంతా తెర మీద చూపించకుండా ఈ ఫైలులో రాయి అని. ఎంటర్ నొక్కండి. వేల రికార్డులైనా టీ తాగి వచ్చే లోపల అయిపోతుంది.

ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి వరుసలో ఆశ్చర్యార్థకం, ఐడి, రికార్డు నంబరు. రెండో వరుసలో ఆశ్చర్యార్థకం, వి, సున్నా ఇరవై నాలుగు, మళ్ళీ ఆశ్చర్యార్థకం, దాని పక్కన పుస్తకం పేరు, మాలపల్లి అనుకోండి. ఆ కింది వరుసలో అలాగే వి సున్నా డెబ్భై, దాని పక్కన ఉన్నవ లక్ష్మీనారాయణ. ఆ కింద వి సున్నా ఇరవై ఆరు, ఊరు, ప్రచురణకర్త, సంవత్సరం, టోపీ గుర్తులతో సహా. అది అయ్యాక ఇంకో ఐడి, ఇంకో పుస్తకం. ఇల్లు మారేటప్పుడు ప్రతి పెట్టె మీదా ఇందులో ఏముందో చీటీ అంటించినట్టు, ఏ ముక్క ఏమిటో ఆ ముక్క పక్కనే రాసి ఉంటుంది. అందుకే నాకు ఈ రూపమంటే అంత ఇష్టం. ఏ ప్రోగ్రామూ లేకపోయినా, ఐసిస్ పేరు వినని మనిషైనా, యాభై ఏళ్ళ తర్వాతైనా, దీన్ని చూసి ఇది పుస్తకాల జాబితా అని గుర్తుపడతారు.

మనకు అందంగా, ఒక్కో పుస్తకం ఒక్కో వరుసలో కావాలంటే ఎమ్‌ఎక్స్‌ను పిలవాలి. ఎమ్‌ఎక్స్, ఖాళీ, బుక్స్, ఖాళీ, ఆ తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య పిఎఫ్‌టి ఈక్వల్స్ అని రాసి ఏ ఏ ఫీల్డులు ఏ వరసలో రావాలో చెప్పాలి. వి24 అంటే పేరు, వి70 అంటే రచయిత, ఏటవాలు గీత పెడితే వరుస మార్చు అని అర్థం. కొటేషన్ ముగించాక నౌ అని రాయాలి. ఈ నౌ మరిచిపోతే ఎమ్‌ఎక్స్ ఒక్కో రికార్డు చూపించి ఎంటర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. పదివేల పుస్తకాలకు పదివేలసార్లు ఎంటర్ నొక్కలేం కదా. అలాగే ఎల్‌డబ్ల్యూ ఈక్వల్స్ అని ఒక పెద్ద సంఖ్య, తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది లాంటిది, ఇవ్వండి. ఇవ్వకపోతే పాత తెర వెడల్పుకు తగ్గట్టు, సుమారు ఎనభై అక్షరాల దగ్గర, పొడుగు పేర్లను విరిచి కింది వరుసలోకి నెడుతుంది. ఒక పుస్తకం రెండు పుస్తకాలైనట్టు కనిపిస్తుంది.

కొటేషన్ గుర్తులు తప్పనిసరి. విండోస్ నల్ల కిటికీకి టోపీ గుర్తు అన్నా, నిలువు గీత అన్నా వేరే అర్థాలున్నాయి. కొటేషన్ల లోపల పెడితేనే వాటి జోలికి పోదు. ఫార్మాటు మరీ పొడుగైతే దాన్ని విడిగా ఒక ఫైలులో రాసుకుని, పిఎఫ్‌టి ఈక్వల్స్ తర్వాత ఎట్ గుర్తు పెట్టి ఆ ఫైలు పేరు ఇస్తే చాలు. నేనైతే చిన్నదైనా అలాగే చేస్తాను. రేపు ఇంకొకరు వచ్చినప్పుడు ఏం చేశామో వాళ్ళకు కనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. ఐసిస్ ఫార్మాటులో ఎమ్‌హెచ్‌ఎల్ అనే మాట పెడితే టోపీ గుర్తులు తీసేసి వాటి చోట కామాలు, సెమికోలన్లు పెట్టి చక్కగా చూపిస్తుంది. చూడటానికి బాగుంటుంది గానీ, ఏది ఊరో ఏది ప్రచురణకర్తో చెప్పే ఆనవాలు పోతుంది. అచ్చు వేసుకునే జాబితాకు అది సరే. దాచుకునే ప్రతికి మాత్రం ఉన్నది ఉన్నట్టు ముడిగా తీయండి. ముడిసరుకు ఉంటే అందమైన జాబితా ఎప్పుడైనా చేసుకోవచ్చు. జాబితా నుంచి ముడిసరుకును మళ్ళీ రాబట్టలేం.

ఇక తెలుగు సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, అందుకని కాస్త నిదానంగా చెబుతాను. బయటికి తీసిన ఫైలులో తెలుగు పుస్తకాల పేర్లు మూడు రకాలుగా కనిపించవచ్చు.

మొదటిది, ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగు. చాలా గ్రంథాలయాలు గత్యంతరం లేక ఇలాగే ఎక్కించాయి. ఇందులో అక్షరాలు పాడవడం ఉండదు. కానీ ఒకే పేరు ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు. విశ్వనాథ సత్యనారాయణ గారి ఇంటిపేరునే తీసుకోండి. ఒకరు విఐఎస్ తర్వాత డబ్ల్యూ పెట్టారు, ఒకరు వి పెట్టారు, ఒకరు మధ్యలో హెచ్ చేర్చారు. ఇంకొకరు సత్యనారాయణ ముందు రాసి ఇంటిపేరు వెనక పెట్టారు. కంప్యూటరు దృష్టిలో వీళ్ళంతా వేరు వేరు మనుషులు. పాఠకుడు ఒక స్పెల్లింగుతో వెతికితే ఆయన పుస్తకాల్లో కొన్నే దొరుకుతాయి. మిగతావి పక్క బీరువాలోనే ఉన్నా లేనట్టే.

పాత తెర మీద ఒక్కో రికార్డు చూస్తూ ఈ తేడాలు పట్టుకోవడం అసాధ్యం. టెక్స్ట్ చేతిలో ఉంటే పని చిటికెలో అవుతుంది. ఎమ్‌ఎక్స్‌కు వి70, ఏటవాలు గీత, రెండూ బ్రాకెట్లలో పెట్టి ఇస్తే ప్రతి రచయిత పేరూ ఒక్కో వరుసలో వస్తుంది. ఆ ఫలితాన్ని నిలువు గీత గుర్తుతో సార్ట్ అనే కమాండుకు అందించాలి. దాన్నుంచి లినక్స్‌లో యునీక్ అని పలికే ఇంకో కమాండుకు అందించాలి, ఇంగ్లిషులో యుఎన్‌ఐక్యూ అని రాస్తాం; ఎన్నిసార్లు వచ్చిందో లెక్క కావాలంటే పక్కన మైనస్ సి కూడా పెట్టాలి. ఒక కమాండు ఫలితాన్ని ఇంకోదానికి అందించే ఈ పద్ధతి 1973లో యునిక్స్‌లోకి వచ్చింది. డగ్లస్ మెక్‌ఇల్రాయ్ పట్టుబట్టి అడిగితే కెన్ థామ్సన్ చేసి పెట్టాడు. ఈనాటికీ దాన్ని మించిన ఉపాయం నాకు కనబడలేదు. అకారాది క్రమంలో, ఒక్కో రూపం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కతో సహా, గ్రంథాలయంలోని రచయితలందరూ వరసగా నిలబడతారు. ఒకే మనిషి నాలుగు వేషాల్లో పక్కపక్కనే కనిపిస్తాడు. పెన్సిలు తీసుకుని కలుపుకుంటూ పోవడమే. కంప్యూటరు జోలికి రానని చెప్పే పెద్ద లైబ్రేరియన్లు కూడా ఈ జాబితా అచ్చు వేసి చేతికిస్తే కళ్ళజోడు సవరించుకుని కూర్చుంటారు. ఎవరు ఎవరో వాళ్ళకు తెలిసినంతగా ఏ యంత్రానికీ తెలియదు.

రెండో రకం, ఇస్కీ. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ మన లిపులన్నిటికీ కలిపి ఒక సంకేతపట్టిక ఇచ్చింది. సీడాక్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళ జిస్ట్ కార్డు కంప్యూటరులో ఉంటే డాస్ తెర మీదే తెలుగు టైపు చేసుకునే వీలుండేది. అలా ఎక్కించిన కేటలాగు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. ఇప్పటి కంప్యూటరులో తెరిస్తే అది గజిబిజి గుర్తుల్లా కనిపిస్తుంది, కానీ ఒక్క అక్షరం కూడా పోలేదు. ఇంగ్లిషు అక్షరాలు వాటి స్థానంలో అవే ఉంటాయి. తెలుగువి పై సగంలో ఉంటాయి. ఉదాహరణకు 179 అనే సంకేతం క. ఇప్పటి కంప్యూటర్లు వాడే యూనికోడ్‌లోకి మార్చే ఏర్పాటు విండోస్‌లోనే ఉంది, తెలుగు ఇస్కీకి దాని పట్టిక సంఖ్య 57005. ఐసియు అనే ఉచిత సాఫ్ట్‌వేరు కూడా ఈ పని చేస్తుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇస్కీలో 179 తెలుగులో క, హిందీలో కూడా క, కన్నడంలో కూడా క. లిపి ఏదన్నది చూపించే పట్టిక నిర్ణయిస్తుంది. కాబట్టి మార్చిన ఫైలులో మన పుస్తకాల పేర్లు నాగరి లిపిలో ప్రత్యక్షమైతే కంగారు పడకండి. డేటా బాగానే ఉంది, పక్క పట్టిక ఎంచుకున్నారంతే. 57002 బదులు 57005 ఇచ్చి మళ్ళీ మార్చుకోండి.

మూడో రకం కష్టమైనది. డీటీపీ వాళ్ళు పుస్తకాలు అచ్చుకు దిద్దే ఫాంట్లతో కొన్నిచోట్ల కేటలాగు కూడా టైపు చేశారు. ఆ ఫాంట్లలో దాచేది అక్షరం కాదు, అక్షరం బొమ్మలోని ముక్క. మాలపల్లిలో చివరి అక్షరం చూడండి. యూనికోడ్‌లో ల, పొల్లు, ల, గుడి అనే వరసలో ఉంటుంది, మనం పలికే వరస అదే. ఫాంటులో ముందు గుడితో కలిసిన లి బొమ్మ, తర్వాత కింద పెట్టే లావత్తు. అంటే ముక్కలు మార్చడమే కాదు, వరస కూడా తిరగెయ్యాలి. ఎమ్‌ఎక్స్‌లో గిజ్మో అని ఒక సదుపాయం ఉంది. ఎడమవైపు పాత గుర్తు, కుడివైపు కొత్తది రాసిన పట్టిక ఇస్తే రికార్డులన్నిటిలోనూ మార్చుకుంటూ పోతుంది. ఇస్కీకి అది సరిపోతుంది. ఫాంటు రాతకు మాత్రం గుణింతం, ఒత్తు కలిసిన ప్రతి జతనూ పట్టికలో ఎక్కించాలి. అందుకే ఏ ఫాంటుతో టైపు చేశారో తెలుసుకుని, ఆ ఫాంటు కోసం ఎవరైనా ఇప్పటికే రాసిన మార్పిడి ప్రోగ్రాము దొరుకుతుందేమో ముందు వెతకాలి. ఎలాగూ ముడి టెక్స్ట్ తీసి పెట్టుకున్నారు కాబట్టి తొందర లేదు. మార్పిడి వచ్చే ఏడాది చేసుకున్నా నష్టం లేదు.

ఇప్పుడు చాలామంది దారి తప్పే చోటు చెబుతాను. గ్రంథాలయాల మధ్య రికార్డులు ఇచ్చిపుచ్చుకోవడానికి ఐఎస్‌ఓ 2709 అనే ప్రమాణం ఉంది. ఐసిస్ కూడా ఆ రూపంలో ఎగుమతి చేస్తుంది, కొత్త సాఫ్ట్‌వేర్ల వాళ్ళు కూడా అదే అడుగుతారు. దాని నిర్మాణం కొంచెం చూద్దాం. ప్రతి రికార్డుకూ తలకట్టుగా 24 అక్షరాలుంటాయి. వాటిలో మొదటి ఐదు అంకెలు ఆ రికార్డు మొత్తం పొడుగు. తర్వాత ఒక సూచిక. అందులో ఒక్కో ఫీల్డుకు 12 అంకెలు: మూడు ఫీల్డు నంబరుకు, నాలుగు దాని పొడుగుకు, ఐదు అది మొదలయ్యే చోటుకు. అంతా కొలతల మీద నడిచే వ్యవహారం. మాలపల్లి అనే పేరు ఇస్కీలో ఎనిమిది బైట్లు. అదే పేరు యూటీఎఫ్ 8 అనే నేటి రూపంలో ఇరవై నాలుగు బైట్లు, ఎందుకంటే ప్రతి తెలుగు సంకేతానికీ అక్కడ మూడు బైట్లు పడుతుంది. ఐఎస్‌ఓ ఫైలును నేరుగా పట్టుకుని అక్షరాలు మార్చేశారంటే పేరు మూడింతలవుతుంది, తలకట్టులో, సూచికలో కొలతలు మాత్రం పాతవే ఉంటాయి. చదివే ప్రోగ్రాము పేరును ఎనిమిదో బైటు దగ్గరే, మధ్యలో విరిచేస్తుంది. ఆ పక్కన ఉన్నదంతా జారిపోతుంది. కాబట్టి మొదట ఐ టు ఐడి టెక్స్ట్, ఆ టెక్స్ట్‌లో అక్షరాల మార్పిడి, అప్పుడు మళ్ళీ డేటాబేసు కట్టి దాన్నుంచి ఐఎస్‌ఓ ఫైలు. ఈ వరస తప్పకండి. టెక్స్ట్‌లో కొలతలు లేవు, అందుకే అక్కడ ఎంత మార్చినా ఏదీ విరగదు.

మళ్ళీ కట్టడానికి ఐడి టు ఐ అని జంట పనిముట్టు ఉంది. తీసిన టెక్స్ట్‌ను దానికిస్తే కొత్త డేటాబేసు చేసి ఇస్తుంది. పని సరిగ్గా జరిగిందా అని చూసుకోవడానికి కూడా ఇదే మంచి మార్గం. తీసిన టెక్స్ట్‌తో కొత్త డేటాబేసు కట్టండి. ఆ కొత్తదాన్నుంచి మళ్ళీ టెక్స్ట్ తీయండి. రెండు టెక్స్ట్ ఫైళ్ళనూ పోల్చే కమాండుకు, విండోస్‌లో ఎఫ్‌సి, లినక్స్‌లో డిఫ్, అప్పగించండి. తేడా లేదని వస్తే సగం భయం పోయినట్టే. మిగతా సగానికి, పుస్తకాలు చేరిన వరసలో నంబరు వేసి రాసుకునే యాక్సెషన్ రిజిస్టరు ఉంది. ఆ పెద్ద రిజిస్టరులో అక్కడక్కడ పేజీలు తెరిచి, ఆ నంబర్ల పుస్తకాలు టెక్స్ట్‌లో ఉన్నాయో లేదో చూడండి. మొదటి పేజీలు, చివరి పేజీలు తప్పకుండా చూడండి. రికార్డు నంబర్ల మధ్య ఖాళీలు కనిపిస్తే అవి ఎప్పుడో తొలగించిన రికార్డులు కావచ్చు, రిజిస్టరు చూస్తే తేలిపోతుంది.

వచ్చిన టెక్స్ట్‌ను వెంటనే ఎక్సెల్‌లో తెరవాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. సున్నాలతో మొదలయ్యే యాక్సెషన్ నంబర్లలో ముందున్న సున్నాలు మాయమవుతాయి. మూడు, గీత, నాలుగు అని ఉన్న సంపుటం నంబరు తేదీ అయిపోతుంది. ఇదే కారణంగా జన్యువుల పేర్లు తేదీలుగా మారిపోతుంటే వేగలేక 2020లో శాస్త్రవేత్తలు కొన్ని మానవ జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. అదే ఏడాది ఇంగ్లండులో పాత ఎక్సెల్ రూపంలో 65,536 వరుసలకు మించి పట్టక 15,841 కొవిడ్ కేసులు లెక్కలోంచి జారిపోయాయి. లక్ష పుస్తకాలున్న గ్రంథాలయానికి ఇది దూరపు ముచ్చట కాదు. ఎక్సెల్‌లో చూడాలనుకుంటే దిగుమతి చేసేటప్పుడు ప్రతి గడినీ టెక్స్ట్ అని చెప్పి తీసుకోండి. అసలు ఫైలు జోలికి మాత్రం రానివ్వకండి.

ఇదంతా ఒక్క ఐసిస్ సంగతే అనుకోవద్దు. న్యూజిలాండులో పుట్టి 2000లో పని మొదలుపెట్టిన కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేరు ఇవాళ మన దగ్గర చాలా గ్రంథాలయాల్లో నడుస్తోంది. దాని అడుగున ఉన్న మైఎస్‌క్యూఎల్‌కు మైఎస్‌క్యూఎల్ డంప్ అనే కమాండు ఉంది. ఫోన్లలో ఉండే ఎస్‌క్యూలైట్‌కు చుక్క డంప్ అనే ఆజ్ఞ ఉంది. పోస్ట్‌గ్రెస్‌కు పీజీ డంప్. అన్నీ టెక్స్టే ఇస్తాయి. కొత్త సాఫ్ట్‌వేరు కొనబోయే యాజమాన్యాలకు నా విన్నపం ఒక్కటే. తెర ఎంత రంగులమయంగా ఉందో చూసే ముందు, మా రికార్డులన్నీ ఒక్క కమాండుతో టెక్స్ట్‌గా మాకు మేమే తీసుకోగలమా అని అడగండి. తీసి చూపించమనండి. అందులో తెలుగు తెలుగులా ఉందో లేదో అక్కడే చూడండి. దానికి విడిగా రుసుము కట్టాలన్నవాళ్ళతో ఒప్పందం చేసుకోకండి.

మన వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది. హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901 నాటిది. ఇలాంటి పాత సంస్థల్లో, వాటి తర్వాత వెలిసిన ఎన్నో చిన్న గ్రంథాలయాల్లో, ఇంకెక్కడా దొరకని పుస్తకాలు, పత్రికల సంచికలు ఉన్నాయి. ఎక్కడైనా ఎవరైనా ఏళ్ళ తరబడి శ్రమపడి వాటి వివరాలు కంప్యూటరుకు ఎక్కించి ఉంటే ఆ జాబితా పుస్తకాలతో సమానంగా కాపాడుకోదగినది. చెదలు పట్టిన పుస్తకానికైనా రికార్డు ఉంటే ఇంకో ప్రతి ఎక్కడుందో వెతకవచ్చు.

చివరగా ఒక పని చెప్పి సెలవు తీసుకుంటాను. టెక్స్ట్ తీశాక మీ చేతిలో నంబర్లుంటాయి. 24 పేరు అని చూడగానే తెలుస్తుంది. కానీ 55లో బి-3 అని ఉంటుంది, 92లో రా.శా. అని ఉంటుంది. ఎఫ్‌డిటి అనే ఫైలులో ఫీల్డుల పేర్లు కొంత దొరుకుతాయి, అక్కడ కూడా చాలాసార్లు నోట్ 1, నోట్ 2 అని రాసి వదిలేసి ఉంటారు. బి-3 బీరువా నంబరో, బైండింగు రకమో, రా.శా. అంటే పుస్తకాలిచ్చిన దాత పేరో ఎవరికి తెలుసు? ఆ డేటాబేసు పెట్టినవారికి తెలుసు. ఆయన రిటైరై ఉంటారు, ఆమె వేరే ఊరు బదిలీ అయి ఉంటారు. ఆఫీసులో ఎవరో ఒకరి దగ్గర నంబరు ఉంటుంది. ఫోన్ చేసి, నమస్కారం చెప్పి, రికార్డు ముందు పెట్టుకుని ఒక్కో ఫీల్డూ అడగండి. ఇక్కడ మీరేం రాసేవారండీ, ఈ పొట్టి అక్షరాలు దేనికండీ, తెలుగు ఏ ఫాంటుతో కొట్టారండీ అని. చెప్పింది చెప్పినట్టు తెలుగులోనే ఇంకో టెక్స్ట్ ఫైలులో రాసి, తేదీ వేసి, రికార్డుల ఫైలు ఉన్న ఫోల్డరులోనే పెట్టండి.